ఎండాకాలం సెలవుల్లో సినిమా ఇంటర్న్‌షిప్: ఎవర్ని అడగాలి, ఏ పనికి వెళ్ళాలి, వెళ్ళాక ఎలా ఉండాలి

ఏటా ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి నాకు ఒకేలాంటి మెసేజ్‌లు వస్తాయి. "అన్నా, మే, జూన్ ఖాళీ. ఏదైనా సినిమాకి ఇంటర్న్‌గా చేరాలనుంది. ఏ పనైనా చేస్తాను." ఈ "ఏ పనైనా చేస్తాను" దగ్గరే చాలామంది ఆగిపోతారు. అది చదివిన మనిషికి మిమ్మల్ని ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియదు, తర్వాత చూద్దాంలే అనుకుంటాడు, ఆ మెసేజ్ కిందికి వెళ్ళిపోతుంది. నేను ఎడిటింగ్‌లో పని చేస్తాను. ఇంజనీరింగ్ రెండో ఏడు పరీక్షలు అయిన వారానికి తెనాలిలో రైలెక్కి హైదరాబాద్ వచ్చినవాణ్ణి. అప్పుడు నాకెవరైనా చెప్పి ఉంటే బాగుండేది అనిపించినవే ఇక్కడ రాస్తున్నాను.

ఒకటి ముందే అనుకుని బయల్దేరండి. రెండు నెలల్లో సినిమా తియ్యడం రాదు. ఒక కుర్చీలో కూర్చుని చేసే పని ఒకటి వస్తుంది, ఆ పక్క కుర్చీలో మనిషికి మీ పేరు గుర్తుంటుంది. ఈ రెండూ జరిగితే సెలవులు బ్రహ్మాండంగా గడిచినట్టే. అందుకే ఏ సినిమా, ఏ హీరో అన్నది పక్కన పెట్టి, ఏ కుర్చీ అన్నది ముందు తేల్చుకోండి.

ఏ డిపార్ట్‌మెంట్

పదిమందిలో తొమ్మిదిమంది డైరెక్షన్ డిపార్ట్‌మెంటే అడుగుతారు. నేను వద్దంటాను, కారణం చెప్తాను. ఒక సినిమాకి అసిస్టెంట్ డైరెక్టర్ల టీమ్ కథా చర్చల దగ్గరనుంచే కలిసి ఉంటుంది. ఏ సీన్ ఎందుకు మారింది, ఏ పాత్ర ఇంటి గోడకి ఏ రంగు అనుకున్నారు, హీరోయిన్ చేతికి గాజులు ఏ సీన్ నుంచి ఏ సీన్ దాకా ఉంటాయి, ఇవన్నీ వాళ్ళ బుర్రలో ఉంటాయి. మీరు మేలో వచ్చి జూన్‌లో వెళ్ళిపోతారు. మీకు ఇవన్నీ చెప్పి పని నేర్పేంత తీరిక షూటింగ్ మధ్యలో ఎవరికీ ఉండదు. పైగా షెడ్యూల్ అన్నది మన చేతిలో ఉండదు. హీరో గారి డేట్స్ మారితే, లొకేషన్ పర్మిషన్ రాకపోతే మూడు వారాలు ఖాళీ. 2022 ఆగస్టులో నిర్మాతలే షూటింగులు ఆపేశారు, 2025 ఆగస్టులో కార్మికులు 30 శాతం వేతనాలు పెంచమని సమ్మె చేస్తే రెండు వారాలకు పైగా పనులు ఆగిపోయాయి. అలాంటిది మీ ఎనిమిది వారాల్లో పడితే రూమ్‌లో ఫ్యాన్ చూస్తూ కూర్చోవాలి.

షూటింగ్ ఆగినా ఆగనిది పోస్ట్ ప్రొడక్షన్, అంటే తీసిన తర్వాత జరిగే పని. ఎడిటింగ్ రూమ్, సౌండ్ స్టూడియో, వీఎఫ్‌ఎక్స్ (విజువల్ ఎఫెక్ట్స్) కంపెనీ, బొమ్మకి రంగులు సరిదిద్దే డీఐ సూట్. ఇక్కడ ఎప్పుడూ ఏదో ఒక సినిమా నడుస్తూనే ఉంటుంది, రోజూ వెళ్తే రోజూ పని ఉంటుంది, ఒకే పని మళ్ళీమళ్ళీ చేస్తారు కాబట్టి చెయ్యి తిరుగుతుంది. కంప్యూటర్ మీద కాస్త పట్టున్న ఇంజనీరింగ్, డిగ్రీ పిల్లలకి ఇదే సరైన ద్వారం అని నా గట్టి అభిప్రాయం.

వీఎఫ్‌ఎక్స్ కంపెనీలు హైదరాబాద్‌లో చాలా ఉన్నాయి. ఇంటర్న్‌ని తీసుకునే అలవాటు, ఒక పద్ధతి కూడా ఎక్కువగా వాళ్ళకే ఉంటుంది. మొదట రోటో ఇస్తారు. అంటే షాట్‌లో ఉన్న మనిషి చుట్టూ గీత గీసి, వెనకాల ఉన్నదాన్నుంచి అతన్ని వేరు చెయ్యడం. సెకనుకి 24 ఫ్రేములు, అయిదు సెకన్ల షాట్ అంటే 120 ఫ్రేములు, జుట్టు ఎగురుతుంటే ప్రతి ఫ్రేములోనూ ఆ గీత సరిచెయ్యాలి. విసుగు పని అని ముందే చెప్తున్నాను. కానీ రెండు వారాలు చేశాక తెర మీద ఏ సినిమా చూసినా అంచులు కనపడటం మొదలవుతుంది, ఆ కన్ను పుస్తకాల్లో దొరకదు.

సౌండ్ స్టూడియోలో అయితే డబ్బింగ్ దగ్గర కూర్చోబెడతారు. మన సినిమాల్లో చాలావాటికి సెట్‌లో రికార్డయ్యేది పైలట్ ట్రాక్ (గుర్తు కోసం తీసుకునే శబ్దం) మాత్రమే, మాటలన్నీ తర్వాత డబ్బింగ్ థియేటర్లో చెప్పిస్తారు. ఏ డైలాగ్ ఎన్నో టేక్ ఓకే అయింది, ఏది పెదాలకి కలవలేదు అని రాసుకోవడం మీ పని అవుతుంది. తెలుగు చదవడం, వేగంగా రాయడం బాగా వచ్చినవాళ్ళు ఇక్కడ తొందరగా పనికొస్తారు. ఫైన్ ఆర్ట్స్, ఆర్కిటెక్చర్ చదివేవాళ్ళకి ఆర్ట్ డిపార్ట్‌మెంట్, ఫ్యాషన్ చదివేవాళ్ళకి కాస్ట్యూమ్స్, కామర్స్ వాళ్ళకి ప్రొడక్షన్ ఆఫీసులో అకౌంట్స్, జర్నలిజం వాళ్ళకి ప్రమోషన్స్ టీమ్. కాలేజీలో ఏం చదువుతున్నారో దాని పక్కనే ఉన్న తలుపు తట్టడం తేలిక.

ఇంత చెప్పినా సెట్‌కే వెళ్ళాలని ఉంటే పెద్ద సినిమా కాకుండా చిన్న సినిమానో వెబ్ సిరీసో చూసుకోండి. మే, జూన్‌లో ఒకే షెడ్యూల్‌లో చాలావరకు తీసేవి ఉంటాయి. ఒకటి గుర్తు పెట్టుకోండి, ఆషాఢంలో, మూఢాల్లో కొత్త సినిమాలకి కొబ్బరికాయ కొట్టడం తక్కువ, కాబట్టి "జూలైలో మొదలవుతుంది" అన్న మాట నమ్మి మే అంతా ఎదురుచూడకండి. అప్పటికే నడుస్తున్న పనిలోకి వెళ్ళండి.

ఎవర్ని అడగాలి

స్టూడియో గేటు దగ్గర నిలబడితే పని దొరికే రోజులు కావివి. ఓటీటీలో ఈ మధ్య వచ్చిన, మీకు బాగా నచ్చిన నాలుగైదు సినిమాలు పెట్టి, చివర్లో టైటిల్స్ పడేటప్పుడు ఆపి ఆపి చదవండి. ఎడిటర్ పేరు పెద్దగా వేస్తారు, అది కాదు మీక్కావలసింది. కింద అసోసియేట్ ఎడిటర్, అసిస్టెంట్ ఎడిటర్లు, వీఎఫ్‌ఎక్స్ కంపెనీ పేరు, వీఎఫ్‌ఎక్స్ కోఆర్డినేటర్, సౌండ్ స్టూడియో పేరు, ఫోలీ (అడుగుల చప్పుడు లాంటి శబ్దాలు) ఎవరు చేశారు, ఇవన్నీ ఉంటాయి. ఒక నోట్‌బుక్కులో ముప్పై పేర్లు రాయండి. ఇంటర్న్‌ని పెట్టుకోవాలా వద్దా అన్నది చాలాసార్లు తేల్చేది ఈ రెండో వరసలో ఉన్నవాళ్ళే, ఎందుకంటే పని ఎక్కువైతే ఇబ్బంది పడేది వాళ్ళే. కంపెనీలు లింక్డ్‌ఇన్‌లో, మనుషులు ఎక్కువగా ఇన్‌స్టాగ్రామ్‌లో దొరుకుతారు.

అన్నపూర్ణ, రామానాయుడు, ప్రసాద్ ల్యాబ్స్ లాంటి చోట్ల ఎడిటింగ్, డబ్బింగ్, డీఐ అన్నీ ఒకే ఆవరణలో నడుస్తాయి. చాలా ఎడిటింగ్ రూములు మాత్రం బంజారాహిల్స్, జూబ్లీహిల్స్, ఫిలిమ్‌నగర్, యూసుఫ్‌గూడ గల్లీల్లో అపార్ట్‌మెంట్ ఫ్లాట్లలో ఉంటాయి, బయట బోర్డు కూడా ఉండదు. అందుకే అడ్రసు వెతుక్కుంటూ తిరగడం కంటే మనిషిని పట్టుకోవడం మంచిది.

మెసేజ్ జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో పెట్టండి. ఏప్రిల్‌లో అడిగితే అప్పటికే ఎవరో ఒకరి మేనల్లుడు వచ్చి కూర్చుని ఉంటాడు. మెసేజ్ పొట్టిగా, ఇలా ఉంటే చాలు:

"నమస్తే అన్నా. నేను గుంటూరులో బీటెక్ రెండో ఏడు చదువుతున్నాను. మీరు పని చేసిన ఫలానా సినిమాలో బస్టాండ్ సీన్ కట్ చేసిన తీరు నాకు బాగా నచ్చింది, ముఖ్యంగా బస్సు వెళ్ళిపోయాక ఆమె మొహం మీద ఆపిన రెండు సెకన్లు. మే 5 నుంచి జూన్ 30 దాకా హైదరాబాద్‌లో ఉంటాను. రషెస్ సింక్ చెయ్యడం, ఫుటేజ్ సర్దడం నేర్చుకుంటూ మీకు సాయంగా ఉండాలనుంది. నేను ఎడిట్ చేసిన నిమిషం వీడియో లింక్ పెడుతున్నాను. వీలుంటే ఒకసారి వచ్చి కలుస్తాను."

ఇందులో తేదీలున్నాయి, పని పేరుంది (రషెస్ అంటే షూటింగ్‌లో తీసిన ముడి ఫుటేజ్, సింక్ సంగతి కింద చెప్తాను), చూపించడానికి ఒకటుంది, నిజంగా ఆయన పని చూశారని తెలుస్తోంది. నా జీవితాశయం, చిన్నప్పట్నుంచీ సినిమా పిచ్చి, ఇవన్నీ రాయకండి, అందరికీ అదే ఉంటుంది. కథ పీడీఎఫ్ మాత్రం అస్సలు పంపకండి. ముప్పైమందికి పెడితే నలుగురు జవాబిస్తారు, ఇద్దరు రమ్మంటారు, ఒకరు నిజంగా పని ఇస్తారు. జవాబు రాకపోతే పది రోజులాగి ఒక్కసారి గుర్తు చెయ్యండి, మళ్ళీ చెయ్యకండి. మహిళలకి రాసేటప్పుడు "మేడమ్" అనో పేరు చివర "గారు" అనో రాయండి, "అక్కా" అన్నది పరిచయమయ్యాక వాళ్ళు చనువిస్తే వస్తుంది.

లింక్ కోసం కష్టపడాల్సింది లేదు. మీ ఊళ్ళో టీ కొట్టు, మిల్లు, హాస్టల్ మెస్, ఏదైనా ఫోన్‌లో తీసి నిమిషానికి కట్ చెయ్యండి. డావిన్చీ రిజాల్వ్ ఉచితంగానే దొరుకుతుంది. పాటకి కట్ చేసిన హీరో ఎడిట్లు మా దగ్గరికి రోజూ వస్తాయి, వాటికంటే మాటలున్న ఒక చిన్న సీన్ పంపితే నేను తప్పకుండా ఆఖరి దాకా చూస్తాను.

డబ్బులడిగితే వెనక్కి తిరగండి

ఇది నా సొంత గాయం కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను. నేను మొదట చేరింది ఎడిటింగ్ రూమ్‌లో కాదు. కృష్ణానగర్‌లో మేడ మీద ఒక ఆఫీసు, గోడ నిండా సినిమా పోస్టర్లు, ఒక టేబుల్, వినాయకుడి పటం. "సమ్మర్ ఇంటర్న్‌షిప్, లైవ్ ప్రాజెక్ట్, సర్టిఫికెట్, యూనియన్ కార్డు మేమే ఇప్పిస్తాం" అన్నారు. ఇరవై వేలు అడిగి, "మీ ఇంట్లోవాళ్ళ పరిస్థితి చూసి" అంటూ ఎనిమిది వేలకి దిగారు. మా నాన్న ఆ డబ్బులు చీటీ పాడి పంపారు. తొమ్మిది రోజులు నన్నూ ఇంకో అయిదుగురినీ కూర్చోబెట్టి ప్రపంచ సినిమా గురించి ఏదేదో చెప్పారు, పదో రోజు వెళ్తే తాళం వేసి ఉంది. మాలో ఒకమ్మాయి శ్రీకాకుళం నుంచి వచ్చింది, ఆ మెట్ల మీద కూర్చుని ఇంటికి ఏం చెప్పాలో తెలియక చాలాసేపు ఏడ్చింది.

పని ఇచ్చేవాడు మీ దగ్గర డబ్బు తీసుకోడు. రిజిస్ట్రేషన్, ఐడీ కార్డు, పోర్ట్‌ఫోలియో, ట్రైనింగ్ కిట్, ఏ పేరు పెట్టినా సరే. ఫీజు కట్టి చదివేదాన్ని కోర్సు అంటారు, అది వేరే సంగతి. అన్నపూర్ణ కాలేజ్ ఆఫ్ ఫిల్మ్ అండ్ మీడియా లాంటివి కోర్సులు చెప్పే కాలేజీలు, చేరాలంటే వివరాలన్నీ చూసుకుని చేరండి. ఇంటర్న్‌షిప్ పేరుతో ఫీజు అడిగితే మాత్రం మర్యాదగా లేచి వచ్చెయ్యండి. యూనియన్ కార్డు సంగతీ అంతే. సినిమా పనిలోని 24 క్రాఫ్టుల్లో (విభాగాల్లో) దేని యూనియన్ దానికి ఉంటుంది, దేని నిబంధనలు దానివి. రెండు నెలల ఇంటర్న్‌కి కార్డు అక్కర్లేదు, ఇప్పిస్తామన్న మధ్యవర్తిని నమ్మకండి.

కాగితాలు, బస, తిండి

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ చదివేవాళ్ళకి ఇంటర్న్‌షిప్ కోర్సులో భాగమే, చాలా ఇంజనీరింగ్ కాలేజీల్లోనూ క్రెడిట్లు ఉంటాయి. అందుకని రాకముందే కాలేజీ నుంచి రెండు తెచ్చుకోండి: బోనఫైడ్, ఫలానా తేదీల్లో ఇంటర్న్‌షిప్‌కి అనుమతిస్తున్నామన్న లెటరు. చేరిన మొదటి వారంలోనే "అన్నా, చివర్లో లెటర్‌హెడ్ మీద తేదీలతో సర్టిఫికెట్ కావాలి" అని చెప్పెయ్యండి. చివరి రోజు అడిగితే ఆ రోజే సంతకం పెట్టాల్సిన ఆయన చెన్నైలో మిక్సింగ్‌లో ఉంటారు. ఫ్రీలాన్స్ ఎడిటర్ల దగ్గర లెటర్‌హెడ్ ఉండకపోవచ్చు, అప్పుడు ప్రొడక్షన్ కంపెనీ నుంచి ఇప్పించగలరా అని ముందే అడగాలి. మీ కాలేజీ ఏ కాగితం ఒప్పుకుంటుందో కనుక్కుని చెప్తే వాళ్ళకీ తేలిక.

డబ్బు విషయం మొహమాటపడకుండా అడగండి. "స్టైపెండ్ ఏమైనా ఉంటుందా, లేకపోతే భోజనం, ప్రయాణం ఖర్చులు ఇస్తారా" అంటే ఎవరూ తప్పు పట్టరు. వీఎఫ్‌ఎక్స్ కంపెనీలు కొన్ని ఇస్తాయి, ఎడిటింగ్ రూముల్లో చాలాచోట్ల భోజనం వరకే. సెట్‌లో పని చేసేవాళ్ళకి బేటా అని రోజువారీ డబ్బు ఉంటుంది, ఇంటర్న్‌కి ఇస్తారో లేదో ప్రొడక్షన్ మేనేజర్‌ని మొదటి రోజే అడగాలి. జీతం లేకపోయినా రెండు నెలలు నెట్టుకురాగలనా అని ఇంట్లో లెక్క వేసుకునే రండి. అలా కుదరకపోతే అందులో చిన్నతనమేమీ లేదు, స్టైపెండ్ ఇచ్చే చోటు దొరికేదాకా వెతకండి.

ఉండడానికి కృష్ణానగర్, యూసుఫ్‌గూడ, అమీర్‌పేట హాస్టళ్ళు చాలు. మెట్రో నీలం లైన్లో అమీర్‌పేట, మధురానగర్, యూసుఫ్‌గూడ, జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 5, జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ వరసగా వస్తాయి, పోస్ట్ ప్రొడక్షన్ పనికి ఈ గీత చాలావరకు సరిపోతుంది. షూటింగ్ అయితే లెక్క వేరు. పొద్దున ఆరింటికి కాల్ (సెట్‌లో ఉండాల్సిన వేళ) అంటే మెట్రో పనికిరాదు, యూనిట్ బస్సు ఎక్కడ ఎక్కాలో ముందు రాత్రే అడిగి పెట్టుకోండి. రామోజీ ఫిల్మ్ సిటీ హయత్‌నగర్ దాటి విజయవాడ రోడ్డు మీద ఉంది, బస్సు మిస్సయితే సొంతంగా చేరేసరికి ఫస్ట్ షాట్ అయిపోతుంది. లొకేషన్లో టిఫిన్, భోజనం ప్రొడక్షన్ వాళ్ళే పెడతారు. ఎండకి టోపీ, నీళ్ళ సీసా, పాత బూట్లు, చిన్న టార్చి తెచ్చుకోండి.

సెట్‌లో

ఎవరి వస్తువు వాళ్ళే ముట్టుకోవాలి. లైటు అడ్డంగా ఉందని మీరు జరపకూడదు, అది లైట్‌మెన్ పని. టేబుల్ మీద కప్పు కింద పడేలా ఉందనిపించినా తీసి పక్కన పెట్టకూడదు, ఆర్ట్ వాళ్ళకి చెప్పాలి. ఎందుకో ఒక ఉదాహరణ చెప్తాను. తండ్రీకొడుకులు కాఫీ తాగుతూ మాట్లాడుకునే సీన్. తండ్రి వైపు షాట్లన్నీ పొద్దున తీశారు, కొడుకు వైపు మధ్యాహ్నం భోజనాల తర్వాత. పొద్దున తీసినదాంట్లో తండ్రి ముందున్న స్టీలు గ్లాసు సగానికి వచ్చింది, మూత లేదు, కింద డవరా ఉంది. మధ్యాహ్నం ఎవరో శుభ్రం చేసి నిండుగా పోసి పెట్టారు. ఎడిటింగ్‌లో ఒక షాట్ నుంచి ఇంకో షాట్‌కి వెళ్ళినప్పుడల్లా కాఫీ నిండుతూ తగ్గుతూ ఉంటుంది. నటుడు బాగా చేసిన టేక్ ఒకటి నేను ఆ గ్లాసు వల్లే వాడలేకపోయాను.

అందుకే సెట్‌లో ఇంటర్న్‌గా ఒక మంచి పని చెయ్యాలనుకుంటే కంటిన్యుటీ రాస్తున్నవాళ్ళ పక్కన నిలబడి చూడండి. వాచీ ఏ చేతికి ఉంది, చొక్కా చేతులు ఎన్ని మడతలు, డైలాగ్‌లో ఏ మాట దగ్గర లేచి నిలబడ్డాడు. మీ నోట్‌బుక్కులో మీరూ రాసుకుని సాయంత్రం వాళ్ళదానితో పోల్చుకోండి. మొదటి రోజు వాళ్ళు ఇరవై రాస్తే మీరు అయిదు రాస్తారు. రెండో వారానికి వాళ్ళే మిమ్మల్ని అడగడం మొదలుపెడతారు.

క్లాప్ చేతికిస్తే సంతోషపడి ఊరుకోకండి, దాని మీద రాసేది సరిగ్గా రాయండి. సీన్ నంబరు, షాట్ నంబరు, టేక్ నంబరు. అంకెలు పెద్దగా, ఏడుకీ ఒకటికీ తేడా తెలిసేలా ఉండాలి. ఫ్రేములో పడేలా పట్టుకుని, నంబర్లు గట్టిగా చదివి, ఒక్క దెబ్బ కొట్టి పక్కకి రావాలి. ఆ నంబరు తప్పయితే నెలల తర్వాత చీకటి గదిలో నాలాంటివాడు లేని షాట్ కోసం గంటలు వెతుకుతాడు.

ఫోన్ సైలెంట్‌లో పెట్టండి, మానిటర్ వెనకాల గుమిగూడకండి, నటుల దగ్గరికి సెల్ఫీకి వెళ్ళకండి. ఖాళీగా ఉన్నప్పుడు కనపడే చోటే ఉండండి. అందర్నీ, ముఖ్యంగా ప్రొడక్షన్ బాయ్‌లని, పేరు కనుక్కుని "అన్నా" అని పిలవండి. మీరు కళ్ళు తిరిగి పడిపోతే మజ్జిగ తెచ్చేది వాళ్ళే.

ఎడిటింగ్ రూమ్‌లో

ఇక్కడ మొదటి పని సింక్. కెమెరా నుంచి బొమ్మ, రికార్డర్ నుంచి శబ్దం వేరువేరుగా వస్తాయి, వాటిని కలపాలి. ఈ రోజుల్లో టైమ్‌కోడ్‌తో (రెండింటిలోనూ నమోదయ్యే సమయపు అంకెలు) సాఫ్ట్‌వేరే చాలావరకు కలిపేస్తుంది, కలపలేనివి మీ దగ్గరికి వస్తాయి. బొమ్మని ఒక్కో ఫ్రేమూ జరుపుతూ వెళ్తే క్లాప్ పై చెక్క ఒక ఫ్రేములో తెరిచి ఉంటుంది, తర్వాతి ఫ్రేములో మసగ్గా ఉంటుంది, ఆ తర్వాతి ఫ్రేములో రెండు చెక్కలూ కలిసి ఉంటాయి. ఆ కలిసిన మొదటి ఫ్రేము దగ్గర సౌండ్‌లో నిటారుగా లేచిన గీత కూర్చోవాలి. ఒక్క ఫ్రేము తేడా వస్తే మామూలు ప్రేక్షకుడు పట్టుకోలేకపోవచ్చు, రెండు మూడు వస్తే మాట ఎక్కడో, పెదవి ఎక్కడో ఉన్నట్టు ఎవరికైనా తెలిసిపోతుంది. వంద షాట్లు చేశాక గీత చూడకుండానే చెవి చెప్తుంది.

తర్వాత ఫుటేజ్‌ని సీన్ల వారీగా బిన్లలో (ఫోల్డర్లలో) సర్దడం, ఓకే టేకులు, ఎన్‌జీ (నో గుడ్, పనికిరాని) టేకులు గుర్తు పెట్టడం. ఇక్కడ నేను చేసిన తప్పు చెప్తాను, మీరు చెయ్యకండి. ఆ కృష్ణానగర్ అనుభవం తర్వాత ఎడిటింగ్ రూమ్‌లో చేరాక, మూడో వారంలో ఒక రాత్రి, ఏ001సీ003 లాంటి పేర్లతో ఉన్న కెమెరా ఫైళ్ళు చూడ్డానికి గజిబిజిగా ఉన్నాయని, సీన్ నంబర్లతో నీటుగా పేర్లు మార్చేశాను, అదీ అసలు డిస్కులోనే. పొద్దున ప్రాజెక్ట్ తెరిస్తే టైమ్‌లైన్ నిండా మీడియా ఆఫ్‌లైన్ అని ఎర్రగా. ప్రాజెక్ట్ ఆ ఫైళ్ళని పేరుతోనే గుర్తుపడుతుంది, తర్వాత డీఐకీ వీఎఫ్‌ఎక్స్‌కీ వెళ్ళేదీ ఆ పేర్లతోనే. మా అసోసియేట్ అన్న ఒక్క మాట కూడా అనలేదు. బ్యాకప్ డిస్కు తెచ్చి, రాత్రి మూడింటి దాకా నా పక్కన కూర్చుని, ఎలా తిరిగి కలపాలో నాచేతే చేయించాడు. కెమెరా ఫైలు పేరు ఎప్పుడూ మార్చకూడదు, కాపీ అయిందని సరిచూసుకోకుండా కార్డు ఖాళీ చెయ్యకూడదు, ఒకే ఫుటేజ్ ఎప్పుడూ కనీసం రెండు వేరువేరు డిస్కుల్లో ఉండాలి. తప్పు జరిగితే దాచకండి. ఆ నిమిషంలోనే చెప్పండి, ఏ తప్పైనా మొదటి గంటలో చిన్నదిగానే ఉంటుంది.

మాటలు కొన్ని ముందే తెలిసుంటే కంగారు తగ్గుతుంది. లాక్ అంటే ఎడిటింగ్ ఇక మారదని తేల్చడం. లాక్ అయ్యాక సినిమాని రీళ్ళుగా విడగొట్టి డబ్బింగ్‌కి, ఆర్ఆర్‌కి, డీఐకి పంపుతారు. ఆర్ఆర్ అంటే రీరికార్డింగ్, నేపథ్య సంగీతం. చివర్లో మిక్సింగ్, సెన్సార్. లాక్ అన్నాక కూడా మారుతుంది, అప్పుడు అన్ని చోట్లకీ కొత్త రీలు పంపి పాతది తీసేశారో లేదో చూసుకోవడం అసిస్టెంట్ల ప్రాణం తీసే పని. ఏ రీలు ఏ తేదీది ఎవరికి వెళ్ళిందో ఒక పట్టిక పెట్టుకుని రాస్తానని మీరంతట మీరే అడగండి. ఆ పట్టిక మీ చేతిలో ఉంటే అందరూ మీ దగ్గరికి వస్తారు.

ఎడిటర్ పని చేస్తున్నప్పుడు వెనక కూర్చుని చూసే అవకాశం వస్తే నోరు మూసుకుని చూడండి. అభిప్రాయం అడిగితే మాత్రం "బాగుంది సార్" అని తప్పించుకోకండి. ఎక్కడ బోరు కొట్టిందో, ఎక్కడ అర్థం కాలేదో నిజం చెప్పండి. వందసార్లు చూసిన మాకు కొత్త కళ్ళు అవసరం.

బయటికి పోకూడనివి

చూసినదేదీ గది దాటకూడదు. హాస్టల్ రూమ్మేట్‌కీ, కజిన్స్ గ్రూపులోనూ, "ఒక్క స్టిల్లే కదా" అని కూడా. 2013లో 'అత్తారింటికి దారేది' విడుదల కాకముందే దాదాపు సగం సినిమా నెట్‌లో బయటికొచ్చి, రిలీజ్‌నే ముందుకి జరుపుకోవాల్సి వచ్చింది. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం పైరసీకి మూడు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, మూడు లక్షల నుంచి సినిమా నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా జరిమానా ఉంది. మీ పెన్‌డ్రైవ్ ఎడిటింగ్ సిస్టమ్‌కి పెట్టనే పెట్టకండి. పోర్ట్‌ఫోలియో కోసం ఏదైనా కావాలంటే రిలీజయ్యాక అడగండి.

అమ్మాయిలకీ, వాళ్ళని పంపించే అమ్మానాన్నలకీ ఒక మాట. చేరేముందు ఆ గదిలో ఎంతమంది ఉంటారు, వాళ్ళలో మహిళలున్నారా, రాత్రి ఎన్నింటి దాకా పని, దింపేది ఎవరు అని అడగడం మీ హక్కు. 2013 నాటి పని ప్రదేశాల్లో లైంగిక వేధింపుల నిరోధక చట్టం జీతం లేని ఇంటర్న్‌కి కూడా వర్తిస్తుంది. పదిమందీ అంతకంటే ఎక్కువమందీ పని చేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి, అది లేనిచోట జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది. కథ చెప్తాను, అవకాశం ఇస్తాను అంటూ ఆఫీసు వేళలు దాటాక హోటల్‌కో ఇంటికో రమ్మంటే అది పని కాదు. అర్జెంటైతే 112, మహిళల హెల్ప్‌లైన్ 181. ఆ ఇంటర్న్‌షిప్ మధ్యలో వదిలేసినా మీరు పోగొట్టుకునేది ఏమీ లేదు, మధ్యలో వదిలెయ్యొచ్చన్న ఈ మాట అబ్బాయిలకీ చెప్తున్నాను. తిట్లు, చెయ్యి చేసుకోవడం "ఇండస్ట్రీలో మామూలే" అని ఎవరైనా అంటే నమ్మకండి. నేను పని చేసిన మంచి గదుల్లో ఎవరూ గొంతు పెంచలేదు.

చివరి వారం

రోజూ రాత్రి పడుకునేముందు అయిదు లైన్లు రాసుకోండి: ఇవాళ ఏ పని, ఎవరితో, కొత్తగా ఏం తెలిసింది, ఏం తప్పు చేశాను. కాలేజీ లాగ్‌బుక్కు దాన్నుంచే తయారవుతుంది, సినిమా పేరు, కథ వివరాలు మాత్రం రిలీజయ్యేదాకా రాయకండి. ఆఖరి వారంలో మీరు చేస్తున్న పని ఎక్కడిదాకా వచ్చిందో ఒక పేజీ రాసి, తర్వాత కూర్చోబోయేవాళ్ళకి చూపించి అప్పజెప్పండి. సర్టిఫికెట్ తీసుకోండి, మీ పేరు, తేదీలు సరిగ్గా ఉన్నాయో చూసుకోండి. టైటిల్స్‌లో పేరు వేస్తారా అని ఒకసారి అడగొచ్చు, వేస్తామంటే స్పెల్లింగ్ రాసి ఇవ్వండి, వెయ్యకపోతే అలగకండి.

కాలేజీకి వెళ్ళాక రోజూ గుడ్ మార్నింగ్‌లు పెట్టకండి. ఆ సినిమా రిలీజైన రోజు టికెట్ కొనుక్కుని చూసి, మీరు సింక్ చేసిన సీన్ దగ్గర హాల్లో జనం ఏం చేశారో రాసి పంపండి. నేను తెనాలిలో మార్నింగ్ షో చూసి, "అన్నా, ఆసుపత్రి సీన్లో మనం రెండు సెకన్లు తగ్గించిన చోట వెనక వరసలో ఒకావిడ ముక్కు చీదింది" అని ఆ అసోసియేట్ అన్నకి పెట్టాను. నెల దాకా జవాబు లేదు. డిసెంబర్ మొదటి వారంలో ఫోన్ వచ్చింది, "సంక్రాంతి సినిమా రా, చేతులు చాలట్లేదు, మీ సెమ్ ఎగ్జామ్స్ ఎప్పుడైపోతాయి?"